ఇన్సులిను – మధుమేహము

ఇన్సులిను జఠరమునకు వెనుక అడ్డముగా ఒదిగియుండు క్లోమగ్రంథియందు పుట్టి, రక్తములోని చక్కెరను అదుపునందుంచు హార్మోను. 21, 30 ఎమినో ఆమ్లములు గల రెండు గొలుసులు గంధకపు బంధములచే ముడివడగా ఏర్పడిన ఈ చిన్న మాంసకృత్తు కొరవడినప్పుడును, కొరవడకున్నను శరీరము దానికి లోబడనప్పుడును కలుగు వ్యాధిని మధుమేహమని శాస్త్రజ్ఞులును, చక్కెర జబ్బనియు షుగరనియు లోకులును వ్యవహరింతురు. ఇది కూర్చుండి తిని కాలు కదపని కలవారి రోగమను అభిప్రాయము మన పల్లెలలో చిరకాలముగా నాటుకొనియున్నది. ఖమ్మము దాటి, పాల్వంచ, భద్రాచలముల మీదుగా ఛత్తీస్‌గఢ్ ఎల్లవరకు సాగిన అడవి అంచున, బక్కపలుచని దేహముతో పోడు చేసికొని బ్రదుకువానికి సైతము ఈ వ్యాధి వచ్చుట చూచినప్పుడు ఆ అభిప్రాయము ఎంత పొరపాటో తెలియును. భోగముచే వచ్చునని పేరుపడిన ఈ రోగము లేమిచేతను రాగలదు.

పెద్దవాని దేహమందు సుమారు 5 లీటర్ల రక్తముండగా, పరగడుపున అందులో కరిగియుండు గ్లూకోజు అంతయు కలిపి ఇంచుమించు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు. మెదడొక్కటియే దినమునకు 120 గ్రాముల వరకు గ్లూకోజును కోరుచుండగా, ఆ చెంచాడు తరుగకుండ పెరుగకుండ రేయింబవళ్లు నిలుపుట ఎంతటి నేర్పో ఊహింపవచ్చును. జొన్నగటకయో వరియన్నమో తిన్నంతట, అందలి పిండిపదార్థము పేగులలో గ్లూకోజుగా మారి రక్తమును చేరును. క్లోమమునందు సుమారు పది లక్షల సూక్ష్మపుంజములు దీవులవలె చెదరియున్నవి. వానిలోని బీటా కణములు ఈ రాకను పసిగట్టును. గ్లూకోజు ఆ కణములలో ప్రవేశించి దహింపబడగా ఏటీపీ అను శక్తిద్రవ్యము పెరుగును. అది పెరిగినంతనే కణపు పొరలోని పొటాసియము ద్వారములు మూతపడును. అవి మూతపడుటచే పొరయొక్క విద్యుత్స్థితి మారి కాల్షియము లోనికి చొరబడును. ఆ తాకిడికి కణములో కూడబెట్టియున్న ఇన్సులిను రేణువులు రక్తములోనికి విడుదలయగును.

ఈ ఏటీపీని 1929లో హార్వర్డు వైద్య విద్యాలయమున సైరస్ ఫిస్కేతో కూడి కండరములనుండి వెలికితీసినవాడు భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ సైతము వేరుగా దానిని కనుగొనెను. ఇన్సులినును విడుదలచేయు మీట ఆ ద్రవ్యమేయని తేలుటకు పిమ్మట దశాబ్దములు పట్టినది. సుబ్బారావు 1948లోనే కన్నుమూసెను. ఆయన పేరు చెప్పగనే తెలుగువారికి ఔషధములు స్ఫురించును. ప్రతి భోజనానంతరమును ప్రతి మానవుని క్లోమమందు జరుగు ఈ క్రియ సైతము ఆయన చేయి సోకిన విషయమేయని గుర్తుంచుకొనుట న్యాయము.

రక్తమున పడిన ఇన్సులిను మొట్టమొదట చేరునది కాలేయమును. కాలేయమును రైతు ఇంటి గాదెతో పోల్చవచ్చును: పంట వచ్చినప్పుడు నింపుటకును, పంట లేని దినములలో తీసి వాడుకొనుటకును అదియే తావు. ఇన్సులిను వచ్చినంతసేపు కాలేయము గ్లూకోజును గ్లైకోజెనుగా మార్చి సుమారు 100 గ్రాముల వరకు నిలువచేయును. రాత్రి పస్తున ఇన్సులిను తగ్గి, గ్లూకగాన్ అను మరియొక హార్మోను పెరిగి, గాదె తలుపు తెరచును. కండరములందును మేదోకణములందును గ్లూకోజును మోయు వాహకములు కణగర్భమున దాగియుండి, ఇన్సులిను తన గ్రాహకమును తాకిన కబురందిన పిదపనే పొరపైకి వచ్చి గ్లూకోజును లోనికి తీసికొనును. కష్టము చేయుచున్న కండరము మాత్రము ఇన్సులిను పిలుపు లేకున్నను కొంత గ్లూకోజును లాగుకొనగలదు. కూలిపనివారి విషయమున ఇది మరువరాని సంగతి.

ఇన్సులిను లేనినాడు ఈ వ్యవస్థ తలక్రిందులగును. తలుపులు తెరువనేరక కండరములు పస్తుండగా, కాలేయము తన గాదెను అడ్డులేక క్రుమ్మరించుచుండును. చుట్టును తిండి పొర్లుచుండ ఇల్లంతయు ఆకలితో మాడును. డెసిలీటరు రక్తమున గ్లూకోజు సుమారు 180 మిల్లీగ్రాములు మించినంతట మూత్రపిండములు దానిని పట్టియుంచలేక వదలును. చక్కెరవెంట నీరును పోవుటచే అతిమూత్రమును, అతిదాహమును కలుగును. మేదస్సు అదుపులేక కరగి కీటోను ఆమ్లములు రక్తమున పేరుకొన్నచో, ఊపిరియందు మ్రగ్గిన పండు వాసన వచ్చి, స్పృహ తప్పి, రోగి మరణించును. తన రోగనిరోధక శక్తియే తన బీటా కణములను చంపుటవలన, తరచుగా పిన్నవయస్సున, కలుగునది మొదటి రకము. శరీరము ఇన్సులినుకు మొద్దుబారుటచే క్రమక్రమముగా వచ్చునది రెండవ రకము.

వ్యాధి ప్రాచీనమైనది. మూత్రమునకు చీమలు పట్టుటను మన ప్రాచీన వైద్యులు గుర్తించిరి. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చునదియు, అపథ్యముచే వచ్చునదియు అని ప్రమేహమును రెండుగా విభజించి, మొదటిదానిలో రోగి కృశించుననియు రెండవదానిలో స్థూలుడై యుండుననియు చెప్పెను. నేటి విభాగమునకు ఇంత దగ్గరగా అంత పూర్వమే ఒకరు వచ్చిరనుట ఆశ్చర్యము గొలుపును. మూత్రపు తీపిని 1670వ దశకమున ఇంగ్లండులో థామస్ విల్లిస్ వ్రాసెను. ఆ తీపి చక్కెరయే యని 1776లో మాథ్యూ డాబ్సన్ నిరూపించెను. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అను జర్మను విద్యార్థి సూక్ష్మదర్శినిలో క్లోమమందలి దీవులను చూచెను గాని అవి ఏమి చేయునో ఎరుగడు. 1889లో స్ట్రాస్‌బర్గున మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగులు కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము వచ్చినది. అంతటితో దోషమెచ్చట నున్నదో తెలిసినది గాని, దానిని పూరించు ద్రవ్యము ముప్పది సంవత్సరములకుపైగా చిక్కలేదు. జీర్ణరసములును అదే గ్రంథియందుండి, పిండినంతనే ఆ ద్రవ్యమును హరించివేయుటయే ప్రధాన కారణము.

1921 వేసవిలో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున ఫ్రెడరిక్ బాంటింగ్ అను యువ శస్త్రవైద్యుడును, ఛార్లెస్ బెస్ట్ అను విద్యార్థియు, ఆచార్య మాక్లియడ్ ప్రయోగశాలలో కుక్కలపై పరిశోధన మొదలిడిరి. ఆ సంవత్సరముననే రుమేనియాలో నికోలాయ్ పావులెస్కు తన క్లోమసారమును గూర్చి ప్రకటించెను. 1922 జనవరి 11న, పస్తుల పథ్యముచే ముప్పది కిలోలకు లోపుగా చిక్కిపోయిన 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సన్ అను బాలునికి టొరాంటో ఆసుపత్రిలో మొదటి సూది వేసిరి. ఆ సారము శుద్ధముగా లేనందున సూది గ్రుచ్చినచోట వాపు వచ్చి, ఫలము స్వల్పమయ్యెను. జేమ్స్ కాలిప్ అను రసాయనజ్ఞుడు పన్నెండు దినములు శ్రమించి దానిని శుద్ధిచేయగా, జనవరి 23న వేసిన సూదితో బాలుని రక్తమున చక్కెర దిగి, మూత్రమున మాయమై, అతడు తేరుకొనెను. అంతకుముందు ఇట్టి వ్యాధిగల బిడ్డలకు వైద్యులు చేయగలిగినదెల్ల ఆకలిచే చావును కొన్ని నెలలు వెనుకకు జరుపుట మాత్రమే. 1923లో బాంటింగ్, మాక్లియడ్‌లకు నోబెల్ బహుమతి లభింపగా బాంటింగ్ తన వాటాలో సగము బెస్ట్‌కును, మాక్లియడ్ సగము కాలిప్‌కును ఇచ్చిరి. పేటెంటు హక్కును బాంటింగ్, బెస్ట్, కాలిప్‌లు ఒక్కొక్క డాలరుకు విశ్వవిద్యాలయమునకు వదలివేసిరి. వైద్యచరిత్రలో ఇంతకంటె ఉదారమైన దానమును ఎంచుట కష్టము.

తరువాతి కథ వేగముగా నడచినది. 1936లో డెన్మార్కున హేగెడార్న్ నెమ్మదిగా పనిచేయు ఇన్సులినును కూర్చెను. 1955 నాటికి ఫ్రెడరిక్ సాంగర్ దాని ఎమినో ఆమ్లముల వరుసను తేల్చెను. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ దాని ఆకృతిని చూపెను. పందుల, పశువుల క్లోమములపై ఆధారపడు కాలము 1978లో సూక్ష్మజీవులచే మానవ ఇన్సులినును చేయించుటతో ముగియ నారంభించి, 1982లో ఆ మందు అంగడికి వచ్చినది.

ఆ కాలమంతయు గోదావరి మన్యమున వ్యాధియనగా చలిజ్వరమే. తూర్పుగోదావరి జిల్లాలోని భద్రాచలము తాలూకా 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను; భద్రాచలము పట్టణము 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందినది. ఈ మన్యపు కోయలు, కొండరెడ్లు పోడునందు జొన్న, సామ, కొర్రలు పండించి, గటకయు అంబలియు త్రాగి, వెదురు కొమ్ములు, అడవి గడ్డలు, ఎండబెట్టిన ఇప్పపూవు తిని, దినమెల్ల నడచి బ్రదికినవారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. ఆకలిని తీర్చిన ఆ పథకమును నిందించుట అన్యాయమే యగును, కాని తెల్లబియ్యము పెరిగినకొలది చిరుధాన్యములు పొలమునను పొయ్యిమీదను తగ్గెననుట నిజము. వ్యాధియు నగరములలో ఆగలేదు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారము దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమున్నది. పట్టణములలో నూటికి 16.4 వంతున, గ్రామములలో 8.9 వంతున.

అడవి అంచున విశేషముగా ఆలోచింపవలసినది కృశించినవాని మధుమేహము. 1955లో జమైకాలో హ్యూ-జోన్స్ అను వైద్యుడు, మొదటి రెండు రకములకును చెందని, చిక్కిన పేదల మధుమేహమును వర్ణించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహారలోప మధుమేహమని దానికి తావిచ్చి, 1999లో ఆ పేరు తొలగించెను. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి 2022లో, ఈ రోగులలో ఇన్సులినుకు మొద్దుబారుట కాక, ఇన్సులిను స్రావమే తక్కువయని చూపిరి. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనిని ఐదవ రకముగా గుర్తించెను. తిండి చాలని గర్భమునను బాల్యమునను క్లోమము చిన్నబోయినచో, ఆ లోటు పెద్దతనమున బయటపడునని భావింపబడుచున్నది. కావున గిరిజన యువకుడు సన్నగానున్నాడు గనుక షుగరు ఉండదని పరీక్ష చేయక పంపుట తప్పు. మరియొక చిక్కు కలదు. గోదావరి లోయ గిరిజనులలో సికిల్ సెల్ రక్తదోషము కానవచ్చును. ఎర్రకణముల ఆయుష్షు తగ్గినవారిలో మూడు నెలల సగటు చక్కెరను తెలుపు పరీక్ష ఉన్నదానికంటె తక్కువ చూపి మోసగించును. అట్టివారికి పరగడుపునను, భోజనానంతరమునను నేరుగా రక్తపు చక్కెరను చూచుటయే నమ్మదగినది.

ఈ అడవిలో మందులేని చెట్టు లేదని అందురు. పొడపత్రి ఆకు నమలి చక్కెర నోట వేసికొన్నచో ఇసుక నమలినట్లుండును. నాలుకపై తీపి తెలియదు. వేగిస మానితో చేసిన పాత్రలో రాత్రియంతయు నిలిచిన నీరు గోధుమవన్నె తిరుగగా దానిని ఉదయమున త్రాగుదురు. ఇవి మూఢనమ్మకములని కొట్టివేయదగినవి కావు: వేగిసను భారత వైద్య పరిశోధన మండలియు, మెంతులను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయు పరీక్షించి, చక్కెర కొంత తగ్గుటను గమనించినవి. కాని ఇన్సులిను బొత్తిగా లేని బిడ్డకు ఏ ఆకును బదులు కాదు. ఆ బిడ్డకు సూది మాని ఆకు పసరు పోయుట ప్రాణముతో పందెము వేయుటయే.

ఇన్సులిను మాంసకృత్తు గావున నోట త్రాగినచో జీర్ణమైపోవును, ముఖ్యముగా సూదియే శరణ్యము. తెరువని సీసా 2 నుండి 8 డిగ్రీల చలిలో నుండవలెను. తెరచినది సాధారణపు వేడిలో నాలుగు వారములు నిలుచును. భద్రాచలము ప్రాంతపు మేనెలలో ఎండ 45 డిగ్రీలను తాకుచుండ, ఐసుపెట్టె లేని పూరియింటిలో ఏమి చేయవలెను? పెద్దకుండలో చిన్నకుండనుంచి, నడుమ ఇసుక నింపి తడుపుచు, సీసాను తడి తగులని డబ్బాలో పెట్టి లోపల దాచి, తడిగుడ్డ కప్పి నీడపట్టున నుంచినచో, ఐసుపెట్టెకు సాటి కాకున్నను బయటి వేడినుండి మందు కాపాడబడును. మన దేశపు సీసాలలో సాధారణముగా మిల్లీలీటరుకు 40 యూనిట్లుండును. దానికి ఎర్రమూత సిరంజియే వాడవలెను, వేరుకొలత సిరంజి వాడిన మోతాదు తారుమారగును. తునికాకు కోతకు తెల్లవారకముందే పోవువారు సూది వేసికొని అంబలి త్రాగక బయలుదేరరాదు. నడకయే చక్కెరను దించును, దానిపై మందు తోడైనచో అడవినడుమ చెమటలు పట్టి కన్నులు తిరుగును. వారి కొంగున బెల్లపు ముక్క ఉండవలెను. స్పర్శ పోయిన పాదమున ముల్లు దిగినను తెలియదు గావున సాయంత్రము దీపము వెలుతురున అరికాళ్లు చూచుకొనవలెను.

వేడివలె వరదయు ఇచ్చట మందుకు అడ్డమే: 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలమువద్ద 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును లేచినది. నీరట్లు లేచినప్పుడు దుమ్ముగూడెము, చర్ల దారులు తెగి, మందుసీసా పల్లెను చేరదు. మొదటి హెచ్చరిక 43 అడుగులవద్ద చేయబడును. ఆ పల్లెల ఆరోగ్య కార్యకర్తలకును, సూదిపై బ్రదుకు బిడ్డలుగల తల్లిదండ్రులకును మనవి ఒక్కటే: ఆ హెచ్చరిక వినకమునుపే, జూను నెలలోనే, ఒక నెలకు చాలు ఇన్సులినును, సిరంజులను తెచ్చి కుండలో భద్రపరచుకొనుడు.