స్త్రీ రాస్తే బూతు, పురుషుడు రాస్తే ప్రబంధం

మా బారిడీహ్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో త్యాగరాజ ఆరాధన అంటే వెళ్ళాను. దేవుణ్ణి నమ్మను గానీ సంగీతం వింటాను. ఆడపిల్లలు పంచరత్న కీర్తనలు పాడుతుంటే పక్కనున్న పెద్దాయన "అనాదిగా వస్తున్న సంప్రదాయమండీ!" అన్నారు. ఉద్యోగమంతా రక్షణశాఖ లెక్కల్లో గడిపినవాణ్ణి, వోచరు చూడందే ఏ పద్దూ ఒప్పుకోను. ఆరాధనలో ఆడవాళ్ళు పాడటం అనాదిగా వచ్చింది కాదు. దానికోసం ఒకామె పోట్లాడవలసి వచ్చింది.

ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952), దేవదాసి కుటుంబంలో పుట్టిన గాయని. తిరువైయారులో శిథిలమైన త్యాగరాజు సమాధి దగ్గర 1921లో పని మొదలుపెట్టి, సొంత సొమ్ము పోసి మందిరం కట్టించింది. కానీ ఆరాధన జరిపే రెండు వర్గాలూ ఆడవాళ్ళని పాడనివ్వలేదు. కట్టించిన మనిషికే అక్కడ పాడే హక్కు లేదు! 1927లో ఆమె స్త్రీలతో వేరే ఆరాధన మొదలుపెట్టింది. 1940లో వర్గాలన్నీ కలిశాకే అందరితోపాటు స్త్రీలూ పాడగలిగారు.

దీన్ని ఛాందసుల ఖాతాలో రాసేసి మనం చేతులు దులుపుకోవచ్చా? వీల్లేదు. రెండో పద్దు మన ఖాతాలోనే ఉంది.

18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని "రాధికా సాంత్వనము" రాసింది. వితంతు వివాహాలు జరిపించిన వీరేశలింగం పంతులుగారంటే మనకెంత గౌరవమో చెప్పనక్కర్లేదు. ఆయనే "ఆంధ్ర కవుల చరిత్రము"లో ఈ కావ్యం దగ్గరికి వచ్చేసరికి రాసినామె కులవృత్తిని ఎత్తిచూపారు. ఇందులో కొన్ని భాగాలు ఆడవాళ్ళు వినరానివన్నారు. నాగరత్నమ్మ పూర్తి పాఠం సంపాదించి పరిష్కరించగా 1910లో వావిళ్ళవారు అచ్చువేశారు. మగవాళ్ళు ఇంతకంటే పచ్చిగా రాసినవాటికి లేని తప్పు దీనికెలా వచ్చిందని ఆమె పీఠికలో నిలదీసింది. మరుసటి ఏడే, 1911లో, ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానమంత్రిగా ఉండగా (1946-47) గానీ ఆ నిషేధం తొలగలేదు. ముప్పై అయిదేళ్ళు!

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ టొబాగోలో కార్నివాల్‌కి కాలిప్సో పాటల పోటీ పెడతారు. గెలిచినవాడికి బిరుదు "కాలిప్సో రాజు". ఆడది గెలుస్తుందని ఎవరూ ఊహించలేదు కాబట్టే ఆ పేరు. 1940లో టొబాగోలో పుట్టిన కాలిప్సో రోజ్ 1978లో గెలిచింది. రాజు కాస్తా "కాలిప్సో ఏలిక" అయ్యాడు. పాట మారలేదు, ప్రతిభా అప్పుడు కొత్తగా పుట్టలేదు. మారింది రిజిస్టరులో శీర్షిక మాత్రమే.

పంతులుగారి గొప్పతనాన్ని నేను కొట్టెయ్యడంలేదు. ఆయన చేసిన మేలు జమ వైపు ఉంది, అది చెరగదు. అయితే ఖర్చు వైపు పద్దు దాచిపెడితే అది లెక్క కాదు, భజన. బాబాల మాటలకి రుజువు అడిగే మనం మన పెద్దల తీర్పులకీ అడగాలి కదా? లేకపోతే ఆ రోజు నా పక్కన కూర్చున్న పెద్దాయనకీ మనకీ తేడా ఏముంది?