సీబ్ తీరం, పారేయాల్సిన తాళంచెవులు

గూఢలిపి చరిత్ర అనగానే తాళం గట్టితనమే చెబుతారు: సీజర్ అక్షరాలు, ఎనిగ్మా చక్రాలు, 1976లో డిఫీ–హెల్మన్, మరుసటేడు ఆర్‌ఎస్‌ఏ. తాళంచెవి ఎక్కడ దాచారో, ఎప్పుడు పారేశారో ఎవరూ రాయరు. ఒక్కసారే వాడాల్సిన కీ పేజీలను సోవియట్‌లు రెండోసారి వాడబట్టే అమెరికా సంకేత విశ్లేషకుల వెనోనా బృందానికి వాళ్ల సందేశాలు చిక్కాయి. అక్కడ ఓడింది లెక్క కాదు, కీల నిర్వహణ.

మనవాళ్లు ఎందరో బతుకుతున్న ఒమన్‌లోని సీబ్ ఈ కథలోకి 2014 జూన్‌లో వచ్చింది. బ్రిటిష్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ అక్కడ ‘సర్క్యూట్’ పేరుతో ఒక కేంద్రం నడుపుతోందని, హొర్ముజ్ జలసంధి గుండా పోయే సముద్రగర్భ కేబుళ్లలోని సమాచారాన్ని పట్టుకుంటోందని పాత్రికేయుడు డంకన్ కాంప్‌బెల్ బయటపెట్టాడు. ఇలాంటి నిఘాను 2013లో బయటపెట్టిన స్నోడెన్ పత్రాల భయంతోనే ప్రపంచం కీల పద్ధతి మార్చుకుందన్నది వాడుకలో ఉన్న మాట. నాకది సగమే నిజమనిపిస్తుంది.

అప్పట్లో చాలా సర్వర్లలో ఒకే ప్రైవేట్ కీ ఏళ్ల తరబడి ఉండేది. కేబుల్ మీద పోయేదాన్ని అర్థం కాకపోయినా దాచుకుని, తర్వాత ఆ కీ సంపాదిస్తే పాత ఉత్తరాలన్నీ తెరుచుకుంటాయి. 2013లో అమెరికా అధికారులు లావాబిట్ అనే ఈమెయిల్ సంస్థను అడిగింది సరిగ్గా ఆ కీనే. యజమాని దాన్ని చీమతలకాయలంత అక్షరాల్లో 11 పేజీలు అచ్చువేసి చేతిలో పెట్టాడు! చివరికి సంస్థనే మూసేశాడు.

మాటామాటకీ కొత్త కీ పుట్టించి, పని కాగానే చెరిపేయడమే దీనికి మందు. ఆ ఆలోచన 1990ల తొలినాళ్లదే. గూగుల్ 2011 నవంబరులోనే అమల్లో పెట్టింది, అంటే స్నోడెన్ కంటే ముందు. మిగతావాళ్లు కదిలింది తర్వాతే, కాదనను. కానీ 2014 ఏప్రిల్‌లో సర్వర్ల సాఫ్ట్‌వేర్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ లోపానికి ఇంకాస్త ఎక్కువ వాటా ఇస్తాను. కీ కాజేయడానికి గూఢచారే అక్కర్లేదని చూపింది అదే. 2018లో వచ్చిన వెబ్ భద్రతా ప్రమాణం టీఎల్ఎస్ 1.3, ఒకే కీ మీద ఆధారపడే ఆ పాత ఆర్‌ఎస్‌ఏ కీ మార్పిడిని తీసేసింది.

ఇప్పుడు అంతా భద్రమేనా? వాట్సాప్ 2016 నుంచి సందేశాలకు ఎప్పటికప్పుడు కీలు మారుస్తోంది. అదే సందేశాల బ్యాకప్‌కు తాళం వేసే వీలు మాత్రం 2021లో గానీ రాలేదు, అదీ మనం ఎంచుకుంటేనే. ముందు తలుపుకు రోజుకో తాళం వేసి, దొడ్డి తలుపు వదిలేసిన తీరిది. సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ తెరిచి చూసుకోండి. 64 అంకెల కీ ఎంచుకుంటే కాగితం మీద రాసి దాచండి. అది పోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరవలేదు.