మచ్‌కుండ్ నుంచి మన మేడ దాకా

మన సంఘం మేడ మీద సోలార్ పెట్టాలా, పెడితే బ్యాటరీ కూడా కావాలా అన్నది పోయిన మీటింగులో తేలలేదు. అది తేలాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. బడిలో మాకు అది మిన్సారం, ఇంట్లో కరెంటు, దిగపహండి వచ్చాక బిజుళి. పేరేదైనా తీగ మాత్రం ఎప్పుడూ దూరం నుంచే వచ్చింది. 1936లో గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది, మనం ఇక్కడే ఉండిపోయాం. 1955లో ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాల ఉమ్మడి కేంద్రం మచ్‌కుండ్ నడవడం మొదలైంది. 1957లో హీరాకుడ్ వచ్చింది. రెండుచోట్లా నీరు పడి చక్రాన్ని తిప్పితేనే కరెంటు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1954లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు సిలికాన్‌తో చేసిన సోలార్ సెల్ చూపించారు. అందులో తిరిగే చక్రమే లేదు. వెలుతురు తగిలితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదులుతాయి, అదే డీసీ కరెంటు. ఆ రోజు ఎండలో 6 శాతమే కరెంటయింది, ఇప్పటి మంచి పలకల్లో 20 శాతం పైనే అవుతుంది. డీసీని ఇన్వర్టర్ ఏసీగా మారుస్తుంది. మనం వాడగా మిగిలింది నెట్ మీటరు గుండా లైనులోకి పోతుంది. ఒక కిలోవాట్‌కు మంచి ఎండలో రోజుకు సుమారు 4 యూనిట్లు. పగలు నడిచే దుకాణానికి, మిల్లుకు ఇది బాగా కలిసొస్తుంది. ఇళ్ళకైతే 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ ఉంది.

ఇక అసలు మాట. 2013 అక్టోబర్ 12, దుర్గాష్టమి రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. "సోలార్ ఉంటే ఆ బాధ ఉండేది కాదు" అని మీటింగులో చాలామంది అన్నారు. అది సగమే నిజం. బ్యాటరీ లేని సోలార్, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. అది లోపం కాదు. తెగిన తీగ సరిచేసే లైన్‌మన్‌కు మన మేడ మీది కరెంటు తగలకూడదు కదా. రైల్వేలో పవర్ బ్లాక్ తీసుకోకుండా పైతీగ మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఇదీ అంతే.

బిల్లు తగ్గితే చాలనుకుంటే బ్యాటరీ అక్కర్లేదు. తుఫాను రాత్రి పదిమంది మన హాలుకు వచ్చి తలదాచుకోవాలంటే బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. ఖర్చు ఎక్కువే. మేము మాత్రం రెండోదానికే చెయ్యెత్తుతాం. మీరూ ఇంట్లో మాట్లాడుకుని వచ్చే మీటింగుకు రండి.