కత్తెర పట్టిన చేతులు



మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లి వీడియో చూడటానికి అందరం ఒకచోట చేరాం. మూడు గంటల పైచిలుకే వున్నది. మొదటి గంట గడిచేసరికి పిల్లలు లేచి ఆటల్లో పడ్డారు. రెండో గంటలో మగవాళ్లు కునికిపాట్లు మొదలెట్టారు. మేం ఆడవాళ్లం మాత్రం అప్పగింతల కోసం పట్టుదలగా కూర్చున్నాం. తీరా అప్పగింతలు వచ్చాయి. పిల్ల చేతులు పాలలో ముంచి, వియ్యపురాలి చేతిలో పెట్టి, మా వదిన ఏదో చెప్పబోతున్నది, గొంతు పెగలడం లేదు. సరిగ్గా అప్పుడే బొమ్మ మారిపోయి భోజనాల పందిట్లో అరిటాకులూ, ఐస్‌క్రీం కప్పులూ ప్రత్యక్షమయ్యాయి! మా వదిన ముఖం చూడాలి ఆ క్షణాన.

తీసినవాడు తియ్యకపోలేదు. కోసినవాడికి ఎక్కడ కొయ్యాలో తెలియలేదు. ఆ కోత గురించే యీరోజు మీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఎందుకంటే యీ పనికి మొదటినుంచీ మన ఆడవాళ్లతో చాలా పెద్ద సంబంధమే వుంది. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఎడిటింగ్ అనేది సినిమాకి పుట్టుకతో వచ్చింది కాదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి బొమ్మలు చూపించిననాడు ఒక్కొక్కటీ నిండా నిమిషం లేదు. కెమెరా ఒకచోట పెట్టడం, ఫిలిం అయిపోయేదాకా పిడి తిప్పడం, అంతే. ఫ్యాక్టరీలోంచి పనివాళ్లు బయటికి వస్తారు, ఒక తల్లీ తండ్రీ పాపాయికి తినిపిస్తారు. చూసినవాళ్లకి అదే మహా వింత. తర్వాత కొద్ది ఏళ్లలోనే ఒక ముక్క పక్కన యింకో ముక్క అతికిస్తే కథ నడుస్తుందని కనిపెట్టారు. 1903లో అమెరికాలో పోర్టర్ తీసిన రైలు దోపిడీ చిత్రం పన్నెండు నిమిషాలే అయినా, దొంగలు ఒకచోట, వాళ్లని తరిమేవాళ్లు యింకోచోట వుంటారు. చూసేవాళ్లు తికమకపడలేదు.

మరి యీ ముక్కలు కోసి అతికించేది ఎవరు? హాలీవుడ్‌లో మొదటి రోజుల్లో ఆ గదుల నిండా ఆడపిల్లలే. ‘కట్టర్లు’ అనేవారు వాళ్లని. కత్తిరించడం, అతకడం కుట్టుపని వంటిదే కదా, ఓపిగ్గా చేస్తారు, జీతం తక్కువిచ్చినా కిమ్మనరు అని స్టూడియోలవాళ్లు అనుకున్నారు. పని మాత్రం తేలిక కాదు. ఫిలిం అడుగుకి పదహారు బొమ్మలుంటాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక్కో బొమ్మా కంటితో చూడాలి, చెయ్యి కదిలిన చోటు వెతకాలి, కొయ్యాలి, కొన గీకాలి, జిగురు రాసి అతకాలి. పైగా ఆనాటి ఫిలిం నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది.

అలా వచ్చిన పిల్లే మార్గరెట్ బూత్. పుట్టింది 1898లో. నటుడుగా వున్న అన్నగారు 1915లో కారు ప్రమాదంలో పోతే, యిల్లు గడవడానికి గ్రిఫిత్ అనే గొప్ప దర్శకుడి దగ్గర ముక్కలు అతికే పనిలో చేరింది. అప్పట్లో ఫిలిం అంచున నంబర్లు కూడా వుండేవి కావు. నెగటివ్‌కీ ప్రింటుకీ జత కుదర్చాలంటే బొమ్మకీ బొమ్మకీ వున్న వెంట్రుకవాసి తేడా పట్టుకోవాలి. తర్వాత జాన్ స్టాల్ అనే దర్శకుడి దగ్గర చేరి, ఆయన వద్దని పక్కన పారేసిన ముక్కలు తీసుకుని, సాయంత్రం పని అయ్యాక తనకి తోచినట్టు కూర్చుకుంటూ నేర్చుకున్నది. ఒకసారి ఏదో ఘట్టం ఎంతకీ కుదరక స్టాల్ తల పట్టుకుంటే, యీమె కూర్చింది చూపించారట. అదే చిత్రంలో పెట్టేశాడు. ఆ అమ్మాయి ఎం.జి.ఎం. స్టూడియోలో ఎడిటర్లందరి మీదా పెద్దగా 1968 దాకా వుంది. 1978లో గౌరవ ఆస్కార్ యిచ్చారు. నూట నాలుగేళ్లు బతికి 2002లో కన్నుమూసింది.

ఇక రష్యా సంగతి. నాకు అన్నిటికన్నా యిష్టమైన కథ యిక్కడే వుంది. విప్లవం తర్వాత అక్కడ కొత్త ఫిలింకి కటకట. అందుకని వున్న పాత ఫిలింనే కోసి కోసి చూశారు. కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి ముఖం తీసుకున్నాడట. ఏ భావమూ లేని ముఖం. దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి అందమైన స్త్రీ. చూసినవాళ్లు ‘ఆహా, ఆకలి ఎంత బాగా నటించాడు, దుఃఖం ఎంత బాగా చూపించాడు’ అన్నారట. ముఖం మారలేదు, పక్కన వున్నది మారింది. మనకిది కొత్తేం కాదులెండి. అదే గళ్లచీర ఒక జాకెట్టు మీద కళకళలాడుతుంది, యింకో జాకెట్టు మీద వెలవెలబోతుంది.

ఎస్‌ఫిర్ షూబ్ అనే ఆవిడ అక్కడ విదేశీ చిత్రాలను తిరగ కోసి అతికే ఉద్యోగం చేసేది. తర్వాతికాలంలో జగత్ప్రసిద్ధుడైన ఐజెన్‌స్టయిన్ మొదట్లో ఆవిడ బల్ల పక్కన కూర్చునే పని చూశాడు. 1926లో షూబ్ లెనిన్‌గ్రాడ్ వెళ్లి, చెమ్మపట్టిన నేలమాళిగల్లో పడివున్న పాత వార్తాచిత్రాలూ, జారు చక్రవర్తి తన ముచ్చట కోసం తీయించుకున్న బొమ్మలూ వెతికి తీసింది. సుమారు అరవై వేల మీటర్ల ఫిలిం చూసిందంటారు. చిత్రంలోకి వచ్చింది పదిహేను వందల మీటర్లు. అంటే నలభై పాళ్లలో ఒక పాలు! అదే 1927లో వచ్చిన ‘రొమానోవ్ వంశ పతనం’. ఒక్క అడుగు కూడా ఆవిడ కొత్తగా కూర్చి తీసిన కథ కాదు. అందులో ఒకచోట ఓడ మీద దొరలూ దొరసానులూ నాట్యం చేస్తుంటారు. చెమటలు పట్టేదాకా ఆడారని అక్షరాలు పడతాయి. వెంటనే మట్టి తవ్వుతున్న కూలీలు. ఆ తీయించినవాళ్లు ఓడ మీద వేడుక దాచుకోవాలనుకున్నారంతే. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టేసరికి వాళ్ల బొమ్మే వాళ్లమీద సాక్ష్యం చెప్పింది.

ఇంత చేస్తే, పాతవి అతికిందే కదా అని ఆవిడని ఆ చిత్రానికి కర్తగా ఒప్పుకోవడానికి ఫిలిం సంస్థవాళ్లు వెనకాడారు. మాయకోవ్‌స్కీ అంతటి కవి ఆవిడ పక్షాన మాట్లాడవలసి వచ్చింది. ఆ దేశంలోనే స్విలోవా అనే మరో ఎడిటరు కాస్త అదృష్టవంతురాలు. భర్త వెర్తోవ్ 1929లో తీసిన చిత్రంలో ఆమె తన బల్ల దగ్గర కూర్చుని పని చేస్తూ తెరమీదే కనిపిస్తుంది. చేతిలోని ఫిలిం ముక్కలో కదలకుండా వున్న పసివాళ్ల ముఖాలు మరుక్షణం తెరమీద నవ్వుతాయి.

మాటలు వచ్చాక యీ పని యంత్రాలతో కూడిన సాంకేతిక విద్య అయింది, గౌరవం పెరిగింది. గౌరవం పెరిగిన కొద్దీ కత్తెర మగవాళ్ల చేతుల్లోకి పోయింది. (వంటకి కూడా అంతేగా, యింట్లో వండితే అమ్మ, హోటల్లో వండితే మాస్టరు!) అయినా ఆనీ బాచెన్స్ వంటివాళ్లు నిలిచారు. ఎడిటింగుకి ఆస్కార్ అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే, 1940 నాటి చిత్రానికి.

మంచి ఎడిటింగ్ అంటే ఏమిటో ఒక్క చోట చూపించమంటే నేను 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చూపిస్తాను. ఎడిటర్ ఆన్ కోట్స్, ఇంగ్లండు మనిషి. సినిమాల్లోకి రాకముందు ఆసుపత్రిలో నర్సు. నాయకుడు వెలుగుతున్న అగ్గిపుల్లని నోటితో ఊదుతాడు. ఆ క్షణమే తెర నిండా ఎడారి, యింకా సూర్యుడు పైకి రాని ఎర్రటి అంచు. స్క్రిప్టులో అక్కడ ఒక బొమ్మ మెల్లిగా కరిగి యింకో బొమ్మ రావాలని రాసుకున్నారు. కాని లాబొరేటరీలో ఆ పని జరగకముందు రెండు ముక్కలూ వట్టిగా అతికి వేసి చూశారు. చూసి ఆగిపోయారు. దర్శకుడు డేవిడ్ లీన్ స్వయానా పాత ఎడిటరు. దాన్ని యింకాస్త సరిచెయ్యమన్నాడు. కోట్స్ రెండు బొమ్మల మేర కోసింది. రెండంటే సెకనులో పన్నెండో వంతు. ఆ సినిమాకి ఆవిడకి ఆస్కార్ వచ్చింది. ఆ అగ్గిపుల్ల గురించి 2018లో చనిపోయేదాకా అందరూ ఆవిడని అడుగుతూనే వున్నారు.

వాల్టర్ మర్చ్ అనే ఎడిటరు 1995లో వచ్చిన పుస్తకంలో కోతకి మార్కులు వేశాడు. నూటికి యాభై ఒకటి ఆ క్షణపు భావానికి, యిరవై మూడు కథకి, పది లయకి. మిగతావన్నీ, అంటే చెయ్యి ఎక్కడుంది, గ్లాసు ఎక్కడుంది అనే జత కుదరడం వంటివి, మిగిలిన పదహారు మార్కుల్లోనే సర్దుకోవాలి. పెళ్లి వీడియోవాళ్లు పూలరేకులూ, గుండె గుర్తులూ వేస్తారే, వాటికి ఎన్ని మార్కులో మీరే చూసుకోండి.

ఏమి చూపించకూడదో తెలియడం కూడా యిందులో భాగమే. 1975లో వచ్చిన ‘జాస్’ సినిమాకి చేసిన మరసొరచేప మాటిమాటికీ పాడైపోయేది. వెర్నా ఫీల్డ్స్ కూర్పులో ఆ చేప గంటకి పైగా సరిగ్గా కనిపించదు. కనిపించకపోబట్టే జనం హడలిపోయారు. మన దేశంలో రేణు సలూజా పూనా ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని, 1989 నాటి ‘పరిందా’తో మొదలుపెట్టి నాలుగుసార్లు జాతీయ బహుమతి అందుకున్నది. 2000లో చిన్న వయసులోనే పోయింది.

ఇంతకీ మా వదిన సంగతి. వీడియో తీసిన అబ్బాయికి ఫోన్ చేసి, అప్పగింతల దగ్గర కోసేసిన ముక్క వుందా నాయనా అని అడిగాను. ‘ఆ కార్డు మీద యింకో రెండు పెళ్లిళ్లు తీసేశామాంటీ’ అన్నాడు. అదృష్టం బాగుండి మా మరిది కూతురు తన ఫోనులో ఆ ఘట్టం పట్టింది. వణుకుతున్న బొమ్మ, నలభై సెకన్లు వుంటుందేమో. ఆ ఐస్‌క్రీం కప్పులు తీసేసి దాన్ని అక్కడ చేరుద్దామని ఒక మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. అందులో మా వదినకి చివరికి గొంతు పెగిలి, కూతురి చెవిలో రెండు మాటలు అంటుంది. స్పష్టంగా వినిపిస్తాయి కూడా. నేనైతే ఆ మాటలే ముఖ్యం, వుంచాలన్నాను. మా వదిన రెండుసార్లు వేయించుకుని చూసింది. మూడోసారి, పెదవులు కదలబోయేముందు వేలు చూపించి, ‘యిక్కడ ఆపెయ్యమ్మా, చాలు’ అన్నది.