కుగ్లర్ డాక్టరమ్మకు ఒక గోడ కావాలి

గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రికి పోనిమ్మంటే ఏ ఆటో అయినా దారి అడగదు. ఆ కుగ్లర్ ఎవరంటే మాత్రం ఎవరో దొర అనేవాళ్లే ఎక్కువ. దొర కాదు, డాక్టరమ్మ. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకుని, 1883లో లూథరన్ మిషన్ తరఫున మన ఊరొచ్చిన ఆనా సారా కుగ్లర్. చదివింది వైద్యం, మిషన్ మొదట అప్పగించింది ఆడవాళ్లకు పాఠాలు చెప్పే పని. ఆమె అధికారికంగా మిషన్ వైద్యురాలైంది 1885లో. స్త్రీల ఆసుపత్రి తెరుచుకుంది 1898లో. పరాయి మగవాడు నాడి పట్టుకోవడమే తప్పనుకునే ఇళ్లు ఎన్నో ఉన్న కాలంలో, ఆడ డాక్టరు లేకపోతే ఆ ఇళ్ల ఆడవాళ్లకు డాక్టరే లేనట్టు. అందుకే ఈ కథను ఊరివాళ్లే కలిసి ఒక పెద్ద గోడ మీద బొమ్మలుగా వేసుకోవాలని నా వాదన.

ఆసుపత్రికి పేరుంది, చాలదా అంటారు. బోర్డు మీది పేరు దారి చూపిస్తుందే గాని కథ చెప్పదు. పోనీ విగ్రహం పెడదామా? గోదావరి జిల్లాల్లో కాటన్ దొరకు ఊరూరా ఉన్నాయి కదా. విగ్రహానికి జయంతికో దండ, వర్ధంతికో దండ, మధ్యలో కాకులు. గోడ మీది రంగులు నాలుగేళ్లకు వెలిసిపోతాయన్నది నిజమే. మళ్లీ వేయాలంటే ఎవరో ఒకరు ఆ కథ మళ్లీ చదవాలి, అది నాకు లాభంగానే కనిపిస్తుంది. ఆమె మతప్రచారానికి వచ్చిన మనిషి కదా అన్న అభ్యంతరం ఇంకా బరువైనది. ఆ సంగతి ఆమె దాచలేదు, గోడా దాచకూడదు, సిలువనూ వేయాలి. ఆ పక్కనే ఏలూరు జమీందారు భుజంగరావు తన ఇంట జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రికి వచ్చే వాళ్ల బంధువుల కోసం కట్టించిన సత్రాన్నీ వేయాలి. తన మతం తనకుండగానే ఆయన ఆ ఆసుపత్రిని నమ్మాడు.

నాకు జవాబు కష్టమైన ప్రశ్న వేరే ఉంది: మళ్లీ తెల్లదొరసాని బొమ్మేనా? ఆమె పక్కన మందులు కలిపిన, కాన్పుల దగ్గర రాత్రంతా నిలబడ్డ తెలుగు ఆడవాళ్లు ఏరీ? వాళ్ల ముఖాలు ఊరి జ్ఞాపకంలో లేవు. ఆ చోట్లలో ఇప్పటి నర్సులు, ఆశా కార్యకర్తలు నిలబడితే వాళ్లను చూసి గీయొచ్చు. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకిచ్చిన కైసర్-ఎ-హింద్ పతకానికి ఓ మూల చాలు.