ఉన్నత పాఠశాలలలో వృత్తివిద్య: బందరు నుండి తెల్లాపూరు వరకు

ఉన్నత పాఠశాల విద్యార్థికి పుస్తక విద్యతోపాటు ఒక చేతిపనియు, కొంత సాంకేతిక పరిజ్ఞానమును అలవడవలెనను మాట మనకు క్రొత్తది కాదు. 1882 మొదలుకొని ఏర్పడిన విద్యాసంఘములలో ముఖ్యమైనవి పెక్కు ఏదో యొక రూపమున దీనిని చెప్పుచునే వచ్చినవి. చెప్పినంతగా జరుగలేదు. ఏల జరుగలేదు? జరిగినచోట ఫలించినదేమి? ఈ రెండు ప్రశ్నలను తెలుగువారి అనుభవము నాధారముగా జేసికొని ఇచట పరిశీలింతుము.

1882లో నియమింపబడిన హంటర్ సంఘము ఉన్నత పాఠశాల పై తరగతులను రెండు శాఖలుగా విభజింపుమనెను. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు దారితీయునది. రెండవది వర్తకాది లౌకిక వ్యాపారములకు పనికివచ్చునది. ఆలోచన మంచిదే. కాని విశ్వవిద్యాలయ ద్వారము మొదటి శాఖకే తెరచియుండెను. ప్రభుత్వోద్యోగమునకు దారియు ప్రధానముగా అదియే. అట్టి స్థితిలో తెలివిగల బాలుని రెండవ దారికి పంపు తండ్రి యెవడు? ఆ శాఖ కోరుకొన్నవారు కొలదిమందియే. దోషము చేతిపనియందు గాక, దానిని నేర్చినవాని యెదుట నిలిచిన గోడయందున్నదని మేము తలంతుము.

ఈ గోడను లెక్కచేయక సాగిన ప్రయత్నము బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల. 1907లో బిపిన్ చంద్రపాలు ఆంధ్రదేశమున చేసిన ఉపన్యాసములు రగిల్చిన స్వదేశీ భావము దానికి ప్రేరణ. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు గారలు 1910లో దానిని నెలకొల్పిరి. హనుమంతరావుగారు 1922లో మరణించువరకు ఆ సంస్థకే తమ జీవితము నర్పించిరి. అచట భాషలు, శాస్త్రములు ఒకవైపును, నేత మొదలగు వృత్తులు, చిత్రకళ మరియొకవైపును ఒకే కప్పు క్రింద బోధింపబడెను. ప్రమోదకుమార చటర్జీ వద్ద అడివి బాపిరాజుగారు అచటనే చిత్రలేఖనము నభ్యసించి, 1935 నుండి 1939 వరకు ఆ సంస్థకే ప్రధానాచార్యులై యుండిరి. నవలాకారుడును, చిత్రకారుడును ఒకే వ్యక్తియందు కలియుటకు ఆ విద్యాలయ వాతావరణము కొంత కారణమని చెప్పుట అతిశయోక్తి కాదు. ఆ సంస్థలో వృత్తివిద్య చదువురానివారికి మిగిలిన గతి కాదు, చదువులో భాగము. అయినను స్వదేశీ యుగమున పుట్టిన జాతీయ విద్యాలయముల కన్నింటికిని ఉన్న కష్టమే దీనికిని కలిగెను. ప్రభుత్వ గుర్తింపు లేని పట్టము ఉద్యోగమునకు చెల్లదు. త్యాగబుద్ధి కలవారు కొందరు వత్తురు గాని సామాన్య గృహస్థు తన కుమారుని పంపుటకు వెనుదీయును.

పిమ్మట 1937లో వార్ధా సమావేశము, హైదరాబాదున 1897లో జన్మించిన జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన కూడిన సంఘము, మూలవిద్యకు చేతిపనిని కేంద్రముగా చేసినవి. 1952-53 నాటి ముదలియార్ సంఘము బహుళార్థ సాధక పాఠశాలలను సూచించి, సాంకేతిక, వాణిజ్య, వ్యవసాయాది శాఖలను మానవిక, విజ్ఞాన శాఖల ప్రక్కన నిలిపెను. 1964-66 నాటి కొఠారీ సంఘము పని అనుభవమును విద్యాంగముగా పరిగణించెను.

ఈ సిఫారసుల నడుమ జరిగిన యొక సంఘటనను మరువరాదు. ఆంధ్రరాష్ట్రమింకను మద్రాసునుండి వేరుపడక మునుపే, 1953లో రాజగోపాలాచారి ప్రభుత్వము గ్రామ ప్రాథమిక పాఠశాలలలో సగముపూట చదువు, తక్కిన సమయమున తండ్రివృత్తి అను పథకమును ప్రవేశపెట్టెను. దీనిని కులవిద్యా పథకమని విమర్శకులు ఖండించిరి. 1954లో కామరాజు ప్రభుత్వము దానిని రద్దుచేసెను. ఆ విమర్శ న్యాయమైనదే. కుమ్మరి బిడ్డను సారెయొద్దకును, చాకలి బిడ్డను రేవునకును మరలించునది విద్య కాజాలదు. ఆ భయము నేటికిని పూర్తిగా పోలేదు. వృత్తివిద్య యనగానే పేదవాని బిడ్డను పైచదువుకు దూరము చేయు ఉపాయమేమో యని తల్లిదండ్రులు శంకింతురు. కావున వృత్తివిద్యకు, పుట్టుకతో వచ్చు వృత్తికిని గల భేదమును స్పష్టముగా చెప్పవలసియున్నది. మొదటిది బడి యిచ్చునది, ఎవరైనను ఎన్నుకొనదగినది. రెండవది బడికి ముందే నిర్ణయమైనది.

తరువాతి లెక్కలు ఆలోచింపజేయును. 1986 నాటి జాతీయ విద్యావిధానము +2 దశ విద్యార్థులలో 10 శాతమును 1990 నాటికి, 25 శాతమును 1995 నాటికి వృత్తిశాఖలలో చేర్పవలెనని నిశ్చయించెను. 1992 సవరణలో ఆ గడువులు 1995, 2000 సంవత్సరములకు జరుపబడినవి. 2020 నాటి విధానపత్రము పన్నెండవ ప్రణాళిక అంచనాల నుదాహరించుచు, 19-24 ఏండ్ల శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తిశిక్షణ పొందినవారు మనదేశమున 5 శాతమునకు లోపనియు, జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతమనియు పేర్కొనెను.

ఈ చరిత్రను తెల్లాపూరు వంటి ఊరినుండి చూచిన దాని అర్థము మరింత తేటపడును. పూర్వపు మెదకు జిల్లాలోని ఈ గ్రామము 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరి, 2018లో పురపాలక సంఘమయ్యెను. దీని ప్రక్కనే రామచంద్రాపురమున 1960ల దశకములో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసెను. చేరువనే పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఏర్పడెను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట నగరము ఇటువైపు ప్రాకి, పొలముల నడుమ అంతస్తుల భవనములు లేచెను. ఫిట్టరు, టర్నరు, వెల్డరు పనుల యుగమును, కంప్యూటరు యుగమును ఈ ఊరు అర్ధశతాబ్దిలోనే చూచినది. ఇచటి ఉన్నత పాఠశాల బాలుడు దూరమునుండి గాజు మేడలను చూచును. ఆ మేడలలో లిఫ్టు నడుపు మోటారు, గదిని చల్లబరచు యంత్రము, నీటిని పైకెత్తు పంపు ఎట్లు పనిచేయునో, వానిని బాగుచేయువాడు ఎంత శాస్త్రము తెలిసినవాడో అతనికి బడి చెప్పదు. ఓమ్ సూత్రమును పరీక్షకై వల్లించినవాడు ఇంటి ఫ్యూజును మార్చుటకు జంకును. అదే సూత్రమును తీగతో, మీటరుతో నేర్చినవానికి అది మరపునకు రాదు. జీవనోపాధి యొక ఫలమే. శాస్త్రము చేతికి దిగుట అంతకంటె ముఖ్యమైన ఫలమని మా అభిప్రాయము.

తెలుగు భాషకును ఇందు పని కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశములను వెలువరించెను. వ్యవసాయ సంపుటము 1962లోను, చేనేత సంపుటము 1971లోను వచ్చెను. రైతులు, నేతగాండ్రు వాడుకొను మాటలు శాస్త్రీయముగా సేకరింపబడుట అదొక శుభారంభము. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములకు పూనుకొనెను. నేటి విద్యుత్కార్మికుడు, యంత్రము బాగుచేయువాడు వాడుచున్న మాటలను అట్లే సేకరించి ఉన్నత పాఠశాల వాచకములలో చేర్చుట తెలుగు శాఖలలోని పరిశోధకులకు తగిన కార్యము. పనివాని మాట పుస్తకమున కెక్కినప్పుడు పనికిని గౌరవము కలుగును.

2024లో తెలంగాణ ప్రభుత్వము నైపుణ్య విశ్వవిద్యాలయమునకు చట్టము చేసి, పారిశ్రామిక శిక్షణ సంస్థల నవీకరణమునకును పూనుకొన్నది. ఇవి అభినందనీయములే, కాని ఇవి ప్రధానముగా పాఠశాల దాటినవారికి. పునాది అంతకుముందే పడవలెను. అందరు విద్యార్థులును, మొదటి శ్రేణివారితో సహా, ఏదో యొక చేతిపని నేర్వవలెను. అది నేర్చినవానికి పైచదువుల ద్వారము మూయబడరాదు. 1882లో రెండవది లోపించినందున పథకము ఎండిపోయెను. 1953లో ఎన్నుకొను స్వేచ్ఛ లోపించినందున కూలిపోయెను. బందరువారు కళను, చదువును ఒకే కప్పు క్రిందికి తెచ్చిరి గాని పట్టమునకు చెల్లుబాటు సంపాదింపలేకపోయిరి. ఆ చెల్లుబాటు నిచ్చు అధికారము నేడు మన చేతులలోనే యున్నది.