ఓడ పట్టీలో మనవాళ్ల పేర్లు

ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలోని పేర్ల పట్టీని మనం తరచూ చదవకుండానే దాటేస్తాం. చెర నుండి తిరిగి వచ్చినవారికి మాత్రం తాము ఎవరి పిల్లలమో చూపే ఆధారం అదే.

మనవాళ్లకూ అలాంటి పట్టీ ఉంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవు చేరింది. 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు నేటాల్ చెరకు తోటలకు, గనులకు, రైల్వే పనులకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల తెలుగువారు వారిలో ఎందరో. ఒక్కొక్కరికీ నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాశారు. పనిలో పెట్టుకున్న యజమాని పేరూ చేర్చారు.

అక్కడి బంధువుల ఇళ్లలో పాత జనన, వివాహ కాగితాలుంటే ముందు ఆ నంబరు కోసం చూడాలి. గుమాస్తాలు పేర్లను చెవికి విన్నట్టు ఇంగ్లిషులో రాశారు గనుక, వాటిని మన యాసలో పైకి పలికి చూడాలి. 'వైజాగపటం' అని ఉంటే అది విశాఖపట్నమే.

ఊరి కరణం లెక్కల్లో భూమి ఉన్నవారి పేర్లే ఎక్కువ. సెంటు భూమి లేని మనిషి పేరు, తండ్రి పేరుతో సహా, ఈ ఓడ పట్టీలో నిలిచింది. రాసినవారికి అది కూలీల లెక్క, మనకు ముత్తాతల ఆచూకీ.

ఎజ్రా కాలంలో కొందరు యాజకులు వెదికినా తమ పేర్లు కనబడలేదు. మనకూ దొరకకపోవచ్చు. పట్టీలో లేనంత మాత్రాన ఆ మనిషి లేనట్టు కాదు. అందుకే మన పెద్దలు ఉండగానే వారి తాతల పేర్లు, ఊళ్ల పేర్లు అడిగి రాసి ఉంచుదాం.